ఆరో ఆట జరగలేదు

1919 మార్చి 26 రాత్రి సియాటిల్ ఐస్ అరీనాలో ఐస్ హాకీ ఆట ముగిసేసరికి స్కోరు సున్నా సున్నా. మామూలు అరవై నిమిషాలూ అయిపోయాయి, ఆపైన అదనంగా ఇచ్చిన ఇరవై నిమిషాలూ అయిపోయాయి, ఒక్క గోలూ పడలేదు. చివరి గంట మోగాక ఆటగాళ్లలో కొందరు నిలబడే ఓపిక లేక ఐసు మీదే పడిపోయారు. ఎవరూ గెలవని ఆ ఆటకు జనం లేచి నిలబడి రెండు జట్లకూ చప్పట్లు కొట్టారు.

ఆ రాత్రి ఒక గోలు పడినట్టే పడి చెల్లకుండా పోయింది. మొదటి భాగం ముగిసే క్షణంలో సియాటిల్ ఆటగాడు కల్లీ విల్సన్ కొట్టిన పక్కు (ఆటలో కొట్టే బిళ్ల) వలలోకి వెళ్లింది. రిఫరీ మికీ అయాన్ మాత్రం అప్పటికే సమయం అయిపోయిందని తేల్చి గోలు ఇవ్వలేదు. ఐదు ఆటల సిరీస్‌లో సియాటిల్ అప్పటికి 2-1తో ముందుంది. ఆ గోలు చెల్లి, అదే స్కోరు నిలిచి ఉంటే స్టాన్లీ కప్పు ఆ రాత్రే సియాటిల్‌ది అయ్యేది. మాంట్రియల్ జట్టు మూటాముల్లె సర్దుకుని రైలెక్కేది. ఐదో ఆట అవసరమే ఉండేది కాదు. ఆ తర్వాత పది రోజుల్లో జరిగిన సంగతులు తెలిసినవాళ్లెవరైనా ఆ అరక్షణం దగ్గర ఆగి ఆలోచించక తప్పదు.

సియాటిల్ మెట్రోపాలిటన్స్, మాంట్రియల్ కెనేడియన్స్. ప్రొఫెషనల్ ఐస్ హాకీ తొలినాళ్లలో పశ్చిమ తీరానికి ఒకరు, తూర్పుకు ఇంకొకరు ఛాంపియన్లు. ఆ ఏడాది వాళ్ల మధ్య జరిగిన సిరీస్ ఇప్పటికీ పూర్తి కాలేదు. ఫ్లూ వచ్చింది, ఆట ఆగింది, ఒక ఆటగాడు చనిపోయాడు. ఆటల చరిత్రలు రాసినవాళ్లు దీన్ని చాలావరకు విధివైపరీత్యంగా రాసి వదిలేశారు. నేను అలా వదిలేయలేను. జీతానికి ఆడే మనిషికి ఒంట్లో బాగాలేదని చెప్పి పక్కకు తప్పుకునే వీలు ఎంత ఉంటుందన్న ప్రశ్న ఈ సిరీస్ నిండా ఉంది. బతుకుతెరువు కోసం మూడు రోజుల ఓడ ప్రయాణం చేసి అండమాన్ వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఆ ప్రశ్న కొత్తది కాదు.

చనిపోయిన ఆటగాడి పేరు జో హాల్. ప్రొఫెషనల్ ఐస్ హాకీ ఎలా పుట్టి ఎలా పెరిగిందో చెప్పాలంటే ఈయన జీవితం చెబితే సగం పని అయిపోతుంది.

1881లో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో పుట్టాడు. పసితనంలోనే కుటుంబం కెనడా వచ్చేసింది. మానిటోబా మైదానాల్లో పెరిగాడు. అతను కుర్రాడిగా ఉన్నప్పుడే, 1892లో, కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ పది గినీలు పెట్టి ఒక వెండి గిన్నె కొని, దేశంలో అన్నిటికన్నా మంచి హాకీ జట్టుకు ఇమ్మన్నాడు. మరుసటి ఏడాది అది తొలిసారి మాంట్రియల్ జట్టుకు దక్కింది. ఆ రోజుల్లో ఆటకు డబ్బు తీసుకోవడం తప్పు. పెద్దమనిషి సరదాకు ఆడాలి, పొట్ట కోసం ఆడకూడదని నియమం. చెప్పడానికి బాగానే ఉండేది, సెలవు పెట్టినా జీతం ఆగని ఉద్యోగస్తులకైతే ఇంకా బాగుండేది. పనికి వెళ్తేనే పూట గడిచే కుర్రాడికి ఆ నియమం గుమ్మం దగ్గరే అడ్డంగా నిలబడేది.

ఆ అడ్డాన్ని బాహాటంగా తీసేసింది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు రాగి గనుల ప్రాంతం. హోటన్ అనే ఊళ్లో జాక్ గిబ్సన్ అనే దంతవైద్యుడు ముందు నిలబడగా 1904లో తొలి ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది. హోటన్‌తో పాటు కేల్యుమెట్, పిట్స్‌బర్గ్, నదికి అటూ ఇటూ ఉన్న రెండు సూ సెయింట్ మేరీలు. మొత్తం ఐదు జట్లు. ఆటగాళ్లలో చాలామంది కెనడా నుంచి కూలికి వచ్చినవాళ్లే. హోటన్ జట్టు పోర్టేజ్ లేక్స్‌లో జో హాల్ ఆడాడు. ఆ లీగ్ 1907లో మూతపడింది. రెండేళ్లకు తూర్పు కెనడాలో నేషనల్ హాకీ అసోసియేషన్ వచ్చింది. హాల్ అక్కడా ఆడాడు. క్విబెక్ బుల్‌డాగ్స్ జట్టుతో 1912లో, 1913లో స్టాన్లీ కప్పు గెలిచాడు. 1917 నవంబరులో ఆ సంఘం స్థానంలో నేషనల్ హాకీ లీగ్ పుట్టింది, అంటే నేటి ఎన్‌హెచ్‌ఎల్. అప్పటికి హాల్‌కు ముప్పయ్యారేళ్లు. మాంట్రియల్ కెనేడియన్స్ అతన్ని రక్షణ వరుసలోకి తీసుకుంది.

పత్రికలవాళ్లు అతన్ని ‘బ్యాడ్ జో’ అనేవారు. మొరటు ఆట. 1918 జనవరిలో టొరంటోలో ఆల్ఫ్ స్కిన్నర్ అనే ప్రత్యర్థితో కర్రలెత్తి కొట్టుకుంటే పోలీసులు ఇద్దర్నీ అరెస్టు చేశారు. ఆ తర్వాతి సీజన్‌లో లీగ్ మొత్తంలో ఎక్కువ పెనాల్టీ నిమిషాలు అతనివే. ముప్పయ్యేడేళ్ల వయసులో, తనకన్నా పదేళ్లు, పదిహేనేళ్లు చిన్నవాళ్లతో గుద్దుకుంటూ ఆడే డిఫెన్స్ ఆటగాడు ఇంకెలా నెగ్గుకొస్తాడు?

తూర్పు సంగతి ఇది. పశ్చిమంలో ఆట మొదలవడానికే ఒక యంత్రం కావాల్సి వచ్చింది.

సియాటిల్, వాంకూవర్, విక్టోరియా పసిఫిక్ తీరపు ఊళ్లు. సముద్రపు గాలికి చలికాలం వాన పడుతుందే తప్ప చెరువులు గట్టిగా గడ్డకట్టవు. లెస్టర్ పాట్రిక్, ఫ్రాంక్ పాట్రిక్ అనే అన్నదమ్ములు, తమ తండ్రి కలప వ్యాపారం అమ్మగా వచ్చిన డబ్బుతో 1911లో విక్టోరియాలో, వాంకూవర్‌లో కృత్రిమ ఐసు రింకులు కట్టించారు. కెనడాలో అవే మొదటివి. వాంకూవర్ రింకులో పదివేలకు పైగా జనం పట్టేవారు. ఆ ఏడాదే పసిఫిక్ కోస్ట్ హాకీ అసోసియేషన్ పెట్టి, తూర్పు జట్ల ఆటగాళ్లను ఎక్కువ జీతాలిచ్చి లాక్కొచ్చారు. ఐసు మీద నీలి గీతలు గీయడం, ముందుకు పాస్ ఇవ్వనివ్వడం, పెనాల్టీ షాట్ వంటి మార్పులు ఈ అన్నదమ్ముల లీగ్ నుంచి వచ్చినవే. సియాటిల్ జట్టు 1915లో పుట్టింది. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ పట్టీల జెర్సీ.

మంచు ఎరగని ఊళ్లో ఐసు మీద ఆట ఎలా అన్నది మా దీవుల్లో పుట్టినవాళ్లకు సహజంగా వచ్చే అనుమానం. పోర్ట్‌బ్లెయిర్ పేరు ఇప్పుడు శ్రీ విజయపురం అయింది, మా డిగ్నాబాద్ డిగ్నాబాద్‌గానే ఉంది. ఇక్కడివాళ్లకు ఐసు అంటే చేపల ఐసు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు పడవ తీయాలంటే డీజిలు ఎంత అవసరమో ఐసూ అంతే అవసరం. ఐసు ఫ్యాక్టరీలో ఓసారి ఎంతో సేపు నిలబడి చూశాను. నేలకు దించి కట్టిన పెద్ద తొట్టి, దానిమీద చెక్కపలకల మూతలు. మూత ఎత్తితే లోపల ఉప్పునీళ్లు, అందులో మునిగి వరసలుగా ఇనుప డబ్బాలు, డబ్బాల్లో మంచినీళ్లు. గదిలో ముక్కుకు సన్నగా అమ్మోనియా ఘాటు. అమ్మోనియా గొట్టాలు ఉప్పునీళ్లను సున్నా కన్నా బాగా కిందికి చల్లబరుస్తాయి. ఉప్పు ఉన్నందువల్ల ఆ నీళ్లు గడ్డకట్టవు, డబ్బాలోని మంచినీళ్లు కడతాయి. కప్పీతో డబ్బాను పైకి లేపి, మామూలు నీళ్ల తొట్టిలో ఒక్క ముంచు ముంచి వంచితే దిమ్మ జర్రున జారి బయటికి వస్తుంది. అంచులు గాజులా తేటగా ఉంటాయి. లోపల చిక్కుకున్న గాలి వల్ల నడిమి మాత్రం పాలలా తెల్లగా ఉంటుంది.

అక్కడ కప్పీ దగ్గర పనిచేసే పెద్దాయనతో అన్నాను, “మావా, ఇలాగే చేసిన ఐసు మీద వందేళ్ల కిందట పందేలు కట్టి ఆటలాడేవారు.”

ఆయన దిమ్మ మీంచి చెయ్యి తీయకుండానే అన్నాడు. “అదేటి గొప్ప అల్లుడా! ఈ ఉప్పునీళ్లే గొట్టాల్లో పోసి నేల కింద పరిచేస్తే పైన నీళ్లు కట్టవేటి? కరెంటు పోకుండా చూసుకోవాల, అంతే.”

పాట్రిక్ సోదరులు చేసిందీ అంతే. నేల కింద గొట్టాల వల, అందులో చల్లటి ఉప్పునీళ్లు, పైన సన్నగా నీటి పొర. 1833 మొదలు బోస్టన్ నుంచి కలకత్తాకు ఓడల్లో రంపపు పొట్టు కప్పి చెరువు ఐసు పంపేవారు. మద్రాసులో ఆ ఐసు దాచడానికి కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది. అక్కడి నుంచి ఎనభై ఏళ్లు తిరక్కుండానే, చలి లేని ఊళ్లో ఐసు తయారు చేసి టికెట్లమ్మి ఆట చూపించే కాలం వచ్చింది. ఆ యంత్రమే లేకపోతే సియాటిల్‌కు జట్టు లేదు, ఈ సిరీసూ లేదు.

1914 నుంచి తూర్పు ఛాంపియనూ పశ్చిమ ఛాంపియనూ ఏటా స్టాన్లీ కప్పు కోసం తలపడేవారు. ఒక ఏడు ఆటలన్నీ తూర్పున, మరుసటి ఏడు పశ్చిమాన. రెండు లీగ్‌లకూ నియమాలు వేరు. పశ్చిమంలో ఏడుగురు ఆడేవారు, ఆ ఏడోవాడు రోవర్, రక్షణకూ దాడికీ మధ్య ఇష్టమొచ్చినట్టు తిరిగేవాడు. తూర్పులో రోవర్ లేడు, ఆరుగురే. ఇద్దరికీ న్యాయంగా ఉండాలని ఒక ఆట వీళ్ల పద్ధతిలో, ఇంకో ఆట వాళ్ల పద్ధతిలో పెట్టుకున్నారు. 1917లో ఈ రెండు జట్లే తలపడితే సియాటిల్ 3-1తో గెలిచింది. స్టాన్లీ కప్పు గెలిచిన తొలి అమెరికా జట్టు అదే. ఆ నాలుగు ఆటల్లో బెర్నీ మోరిస్ ఒక్కడే పద్నాలుగు గోల్స్ కొట్టాడు, చివరి ఆటలోనే ఆరు.

1919లో మోరిస్ లేడు. అమెరికా సైన్యంలో చేరమన్న పిలుపును తప్పించుకున్నాడని సిరీస్‌కు ముందే అరెస్టు చేశారు. అతను కెనడావాడు. అయినా సైనిక న్యాయస్థానం రెండేళ్ల శిక్ష వేసి ఆల్కట్రాజ్‌కు పంపింది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఆ దీవి అప్పట్లో సైనిక జైలు. సెల్యులార్ జైలు గోడల పక్కనుంచి నడిచేవాళ్లకు దీవి జైలంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. ఏడాది తర్వాత వదిలేశారు, మళ్లీ వచ్చి ఆడాడు. ఆ వసంతంలో మాత్రం సియాటిల్ తన అసలైన గోల్ వీరుడు లేకుండానే బరిలో దిగింది.

దిగి, మొదటి ఆట మార్చి 19న 7-0తో గెలిచింది. అది పశ్చిమ పద్ధతి. 22న తూర్పు పద్ధతిలో మాంట్రియల్ 4-2తో బదులిచ్చింది, నాలుగు గోల్సూ న్యూసీ లలాండ్‌వే. 24న మళ్లీ పశ్చిమ పద్ధతి, సియాటిల్ 7-2, ఫ్రాంక్ ఫోయిస్టన్ నాలుగు గోల్స్. ఒకే రెండు జట్లు, ఒక్క మనిషి తేడాతో ఆట ఇలా తారుమారైంది. తర్వాత 26వ తేదీ సున్నా సున్నా ఆట. ఆ రాత్రి గోల్ ముందు నిలబడ్డ ఇద్దరూ, సియాటిల్ వైపు హ్యాప్ హోమ్స్, మాంట్రియల్ వైపు జార్జ్ వెజినా, ఆ తరంలో మొదటి వరస గోలీలు.

ఇక ఊరి సంగతి. సియాటిల్ ఓడరేవు పట్నం. ఫ్లూ 1918 అక్టోబరులోనే అక్కడికి చేరింది. మేయర్ ఓల్ హాన్సన్ బడులు, సినిమా హాళ్లు, ప్రార్థనాలయాలు మూయించాడు. ముఖానికి గుడ్డ లేకపోతే ట్రాముల్లోకి ఎక్కనివ్వలేదు. పోలీసులు మాస్కులతో వరసగా నిలబడ్డ ఫొటో ఇప్పటికీ ఫ్లూ కథనాల్లో కనిపిస్తూనే ఉంటుంది. నవంబరులో యుద్ధం ముగిసిన సంబరాల వేళే ఆంక్షలూ ఎత్తేశారు. 1919 ఫిబ్రవరిలో అరవై ఐదు వేలమంది కార్మికులు సార్వత్రిక సమ్మె చేస్తే ఊరు దాదాపు వారం స్తంభించింది. ఆ తర్వాత నెలకే కప్పు పోటీలు. జబ్బు ఇక వెళ్లిపోయిందనే ఊరు అనుకుంది. ప్రపంచమంతటా మూడో అల మొదలైంది సరిగ్గా అప్పుడే.

మనవైపు అది అప్పటికే ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసింది. 1918 జూన్‌లో ఓడల మీద బొంబాయి దిగిన ఫ్లూ, వానలు వెనకబట్టేసరికి మద్రాసు రాజధాని పల్లెల దాకా పాకింది. దేశం మొత్తం మీద కోటి మందికి పైగా పోయారు. 1911 నుంచి 1921 దాకా ఆ ఒక్క దశాబ్దంలోనే మన జనాభా లెక్క పెరగాల్సింది పోయి తగ్గింది.

మార్చి నెలాఖరున ఐదో ఆట. ఈ ఆట గురించి చదువుతుంటే గెలుపు ఓటముల కన్నా ఒంటి బాధే ఎక్కువ కనిపిస్తుంది. సియాటిల్ మూడు గోల్స్ కొట్టి 3-0తో నిలిచింది. కప్పు చేతికి అందినట్టే. ఆట మధ్యలో జో హాల్ ఒంట్లో బాగాలేదని ఐసు మీంచి తప్పుకుని మళ్లీ రాలేదు. మాంట్రియల్ ఒక్కొక్క గోలే కొట్టుకుంటూ 3-3 చేసింది. సియాటిల్ వాళ్ల కాళ్లు అప్పటికే ఉడిగిపోయాయి. కల్లీ విల్సన్ అలసట తట్టుకోలేక అదనపు సమయంలో బయటికి వచ్చేశాడు. జాక్ మెక్‌డొనాల్డ్ కొట్టిన గోలుతో మాంట్రియల్ 4-3తో గెలిచింది. గెలుపులు సమానం. తేల్చడానికి ఆరో ఆట, ఏప్రిల్ 1న.

రెండు వారాలైనా తిరక్కుండా ఐదు ఆటలు, అందులో రెండు అదనపు సమయంలోకి సాగినవి. అప్పట్లో ఒక జట్టులో పదిమందికి కాస్త అటూ ఇటూ ఉండేవారు. ఈనాటిలా నిమిషానికోసారి వరసలు మార్చుకునే పద్ధతి లేదు, మొదలుపెట్టినవాడే దాదాపు చివరిదాకా ఆడాలి. మాంట్రియల్ వాళ్లయితే దానికి ముందు ఖండం ఆ చివరి నుంచి ఈ చివరికి రోజుల తరబడి రైల్లో వచ్చారు. ఒంట్లో శక్తి అడుగంటిన మనిషిని జబ్బు ఎంత తేలిగ్గా పట్టుకుంటుందో డాక్టరు చెప్పనవసరం లేదు.

ఐదో ఆట తర్వాత రెండు రోజుల్లో మాంట్రియల్ శిబిరం కుప్పకూలింది. హాల్, మెక్‌డొనాల్డ్ ఆసుపత్రి పాలయ్యారు. లలాండ్, బిల్లీ కుటూ, లూయి బెర్లింగెట్, మేనేజర్ జార్జ్ కెనెడీ తీవ్రమైన జ్వరంతో మంచాన పడ్డారు. ఆరో ఆటకు ఐసు సిద్ధమైంది, ఆరుగురిని నిలబెట్టే పరిస్థితి మాంట్రియల్‌కు లేదు. విక్టోరియా జట్టు నుంచి ఆటగాళ్లను అరువు తెచ్చుకుంటామని కెనెడీ అడిగాడు, అనుమతి దొరకలేదు. ఏప్రిల్ 1న ఆట మొదలవ్వాల్సిన వేళకు ఐదారు గంటల ముందు రద్దు చేశారు. అప్పుడు కెనెడీ ఇంకో మాటన్నాడు. కప్పు మీరే తీసుకోండి, మేం ఆడలేకపోయాం గనుక గెలుపు మీదే అన్నాడు.

సియాటిల్ మేనేజర్ పీట్ మల్డూన్ వద్దన్నాడు. ఒకప్పుడు బాక్సింగ్ చేసినవాడు. ఎదుటివాడు జబ్బుతో పడి ఉంటే గెలిచామని చెప్పుకోవడం అతనికి మనసొప్పలేదు. నియమాల ప్రకారం తీసుకుని ఉంటే తప్పు పట్టేవాళ్లు లేరు. ఆ జట్టుకు అది రెండో స్టాన్లీ కప్పు అయ్యేది, సొంత ఊళ్లో, సొంత జనం ముందు. ఆ నిరాకరణకు మల్డూన్ ఏమీ ప్రతిఫలం పొందలేదు. మెట్రోపాలిటన్స్ ఆ తర్వాత ఎన్నడూ కప్పు గెలవలేదు. హాకీ చరిత్రలో ఎన్నో గొప్ప గోల్స్ గురించి చదివాను. మల్డూన్ అన్న ఆ ‘వద్దు’ను నేను వాటన్నిటికీ పైన పెడతాను.

జో హాల్‌కు జ్వరం న్యుమోనియాగా మారింది. యాంటీబయాటిక్ అన్న మందే లేని కాలం. ఏప్రిల్ 5న సియాటిల్‌లోని కొలంబస్ శానిటోరియంలో చనిపోయాడు. ఇంకో నెలలో ముప్పయ్యెనిమిది నిండేవి. వాంకూవర్‌లో ఖననం చేశారు. ఆ మర్నాడు, ఏప్రిల్ 6న, భూమికి ఇటుపక్కన మన దేశం రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా గాంధీ పిలుపు మీద హర్తాళ్ చేసింది. ఫ్లూతో చితికిపోయిన జనమే బజార్లు మూసి వీధుల్లోకి వచ్చారు. మరో వారానికి జలియన్‌వాలా బాగ్. ఒక ఐస్ హాకీ ఆటగాడి చావు ఇక్కడ ఎవరికి తెలిసి ఉంటుంది! మనకు తెలిసిన ఆ ఏప్రిల్‌లోనే ఇదీ జరిగిందని పక్కపక్కన పెట్టి చూసుకుంటే, అప్పటి ప్రపంచం మొత్తం ఎంత నీరసపడి ఉందో అర్థమవుతుంది.

ఇక్కడ నేను చెప్పదలచుకున్న మాట సూటిగా చెబుతాను. ఆరో ఆట ఆపడం పెద్ద త్యాగమేమీ కాదు, అప్పటికి ఆడేవాళ్లే లేరు. ఆపాల్సింది అంతకుముందు. నాలుగో ఆట చివర మనుషులు ఐసు మీద పడిపోయినప్పుడే లీగ్ పెద్దలు ఆగి చూడాల్సింది. ఫ్లూ ఇంకా తిరుగుతోందని పత్రికలు చదివే ప్రతివాడికీ తెలిసిన సంవత్సరం అది. ఆట ఎందుకు సాగిందంటే టికెట్ల డబ్బు మీదే రెండు లీగ్‌ల బతుకూ నడుస్తోంది గనుక. ఆ సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్నవి మూడే జట్లు, అందులో టొరంటో ఫిబ్రవరిలోనే చేతులెత్తేసింది. ఒక ఆట రద్దయితే ఒక రాత్రి వసూళ్లు పోతాయి. ఆ లెక్క ముందు ఆటగాడి ఒళ్లు లెక్కలోకి రాలేదు. ఆటగాళ్లకు సంఘం లేదు, ఆడనని చెబితే వచ్చే ఏడాది ఒప్పందం ఉంటుందో లేదో తెలియదు.

ఇది ఆ ఒక్క ఏటితో ఆగిపోయి ఉంటే పొరపాటు అనుకుని సర్దుకునేవాణ్ని. సున్నా సున్నా ఆటలో మాంట్రియల్ గోల్ కాచిన జార్జ్ వెజినా, 1925 నవంబరులో జ్వరంతోనే ఆటకు దిగి గోల్ ముందే కూలిపోయాడు. క్షయ అని తేలింది. మరుసటి మార్చిలో చనిపోయాడు, ముప్పయ్యొమ్మిదేళ్లకే. ఏటా మేటి గోలీకి ఇచ్చే ట్రోఫీకి ఆయన పేరు పెట్టారు. జ్వరంతో ఉన్నవాణ్ని ఎందుకు ఆడనిచ్చారన్నది మాత్రం ఆ ట్రోఫీ అందించే వేదిక మీద ఎవరూ అడగరు.

మేనేజర్ కెనెడీ కూడా పూర్తిగా కోలుకోలేదు. ఆ ఫ్లూ మిగిల్చిన నీరసంతోనే 1921 అక్టోబరులో పోయాడు. జట్టును నడపలేక ఆయన భార్య పదకొండు వేల డాలర్లకు అమ్మేసింది. లియో డాండురాండ్, ఇంకో ఇద్దరు కొన్నారు. నేడు ఎన్‌హెచ్‌ఎల్‌లో అందరికన్నా ఎక్కువసార్లు స్టాన్లీ కప్పు గెలిచిన మాంట్రియల్ కెనేడియన్స్ అప్పుడు చేతులు మారింది ఆ ధరకే.

సియాటిల్ కథ తొందరగానే ముగిసింది. 1920లో మోరిస్ తిరిగొచ్చాడు, జట్టు మళ్లీ ఫైనల్‌కు వెళ్లింది. అవతల ఒట్టావా. అక్కడ సహజమైన ఐసు ఎండకు కరిగి బురదలా అయితే, మిగతా ఆటలను కృత్రిమ ఐసు ఉన్న టొరంటోకు మార్చారు. సియాటిల్ 3-2తో ఓడింది. 1924లో అరీనా యజమానులు దాన్ని కార్ల గ్యారేజీగా మార్చేశారు, జట్టు మూతపడింది. డౌన్‌టౌన్‌లో ఫిఫ్త్ అవెన్యూ, యూనివర్సిటీ స్ట్రీట్ కలిసే చోట ఉండేది ఆ అరీనా. ఇప్పుడక్కడ ఆఫీసు భవనాలు. రెడ్‌మండ్‌లో, బెల్‌వ్యూలో ఉంటూ డౌన్‌టౌన్‌కు ఉద్యోగాలకు వచ్చే తెలుగువాళ్లలో ఎంతమంది రోజూ ఆ మలుపు దాటి వెళ్తుంటారో!

మన తెలుగునేలకు దగ్గరి లెక్క చెప్పాలంటే మైదానంలో ఆడే హాకీలో ప్రీమియర్ హాకీ లీగ్ 2005లో హైదరాబాద్ గచ్చిబౌలిలో మొదలైంది, తొలి ఏడు హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచింది, కొన్నేళ్లకే ఆ లీగ్ ఆగిపోయింది. తొలి ప్రొఫెషనల్ లీగ్‌లు ఎంత సన్నని దారం మీద నడుస్తాయో మనమూ చూశాం.

సియాటిల్‌కు మళ్లీ పెద్ద లీగ్ జట్టు రావడానికి 2021 దాకా పట్టింది. క్రాకెన్ అని పేరు. ఆ అక్టోబరులో మాంట్రియల్ కెనేడియన్స్ వాళ్ల ఊరికి ఆడటానికి వచ్చిన రాత్రి 1917 విజయానికి గుర్తుగా పతాకం ఎగరేశారు. దానికి ఏడాదిన్నర ముందు, 2020 మార్చి 12న, కోవిడ్ మొదలవగానే ఎన్‌హెచ్‌ఎల్ సీజన్‌ను నిలిపేసింది. ఎవరూ చనిపోయేదాకా ఆగలేదు. ఆగస్టులో ఆటగాళ్లను బయటివాళ్లతో కలవనివ్వకుండా ఉంచి, ఖాళీ స్టేడియాల్లో ఆడించి, సెప్టెంబరు చివర కప్పు ఇచ్చింది. ఈసారి ఆటగాళ్ల సంఘంతో కూర్చుని మాట్లాడాకే ఆ ఏర్పాటు చేశారు. 1919లో హాల్‌కు లేనిది సరిగ్గా అదే.

1919కి కప్పు ఎవరికీ ఇవ్వలేదు. 1948లో స్టాన్లీ కప్పును కొత్త ఆకృతిలో తీర్చిదిద్దినప్పుడు ఆ సంవత్సరం కింద రెండు జట్ల పేర్లూ చెక్కి, సిరీస్ పూర్తి కాలేదని ఒక్క ముక్క రాశారు. 1961లో జో హాల్‌ను హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఆ రెండూ సరైన పనులే, చాలవు. కప్పు మీద ప్రతి ఏడాదీ గెలిచిన జట్టు ఆటగాళ్ల పేర్లు వరసగా చెక్కుతారు. 1919 కింద ఆటగాళ్ల పేర్లు లేవు. ఆ సిరీస్‌లో ఆడిన రెండు జట్లవాళ్ల పేర్లూ అక్కడ ఉండాలి. స్థలం చాలదంటే జో హాల్ పేరొక్కటైనా చెక్కాలి. ఫిఫ్త్ అవెన్యూ మలుపులో, అతను చివరి ఆట ఆడిన చోట, తేదీ వేసి ఒక రాతిపలక పెట్టమని సియాటిల్ నగరాన్ని అక్కడి మన తెలుగు సంఘాలు కూడా అడగొచ్చు.